షరతు ముందు, శక్తి తర్వాత: గుండసముద్రం ఆట కేస్ స్టడీ

ఈ కేసు నల్గొండలో ఆడే అయిదుగురి టేబుల్‌ది, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి మాటలతోనే కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట గుంపుది. క్లాక్ టవర్‌కు దగ్గర్లో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీది గదిలో ఆదివారాలు కూర్చుంటారు. ఆ రకం ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ వాళ్లకు కొట్టిన పిండి. ఎల్ఫులు, డ్వార్ఫులు, డ్రాగన్లు అన్నీ అయిపోయాయి. ఇక తమ మట్టి తగిలే లోకం ఒకటి కావాలని నన్ను పిలిచారు. నేను చేసే పనే అది. గుంపును బట్టి సెట్టింగు, అంటే కథ జరిగే లోకం, దానికి సరిపడా రూల్సు తయారుచేసి, కొన్నాళ్లు కథ చెప్పే గేమ్ మాస్టర్‌గా నడిపి, ఆనక వాళ్లలోనే ఒకరి చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటాను.

మొదటి రోజే రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఇద్దరికి రాజులు, కోటలు, మంత్రాలు కావాలి. ముగ్గురికి ఈ కాలపు సూపర్‌హీరోలు కావాలి. ఇది చిన్న చిక్కు. పెద్దది వేరే ఉంది. బీటెక్ చదివే తమ్ముడు ఒక నోటుబుక్కు నిండా లోకం రాసుకొచ్చాడు. రాచకొండ, దేవరకొండ నమూనాలో కోటలు, రాజుల వంశవృక్షం, ఎవరు ఎవరి మీద ఏ సంవత్సరంలో దండెత్తారో ఆ వివరాలు. కష్టపడ్డాడు, మ్యాపు కూడా ముచ్చటగా ఉంది.

"ఇంత రాసినవ్ గదా తమ్మీ, నీ క్యారెక్టర్ పొద్దుగాల ఎవరు ఎదురొస్తే సందులకు తప్పుకుంటడు?" అని అడిగాను.

ఆ సంగతి నోటుబుక్కులో లేదు. లోకం నిండా చరిత్ర ఉంది గానీ క్యారెక్టర్ చొక్కా పట్టుకుని అడిగేవాడు ఒక్కడూ లేడు. చాలా సెట్టింగులు చప్పబడేది ఇక్కడే.

సూపర్‌హీరో ఆటల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1981లో వచ్చిన చాంపియన్స్ ఆటలో పాయింట్లు పెట్టి శక్తుల్ని కొనుక్కుంటారు. బలహీనతో, పగబట్టిన శత్రువో, మీద పడిన బాధ్యతో తగిలించుకుంటే ఇంకొన్ని పాయింట్లు వస్తాయి. తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ టేబుల్ దగ్గర జరిగేది ఏమిటంటే, ప్లేయరు ముందు శక్తి ధర చూసుకుంటాడు. ఆ ధరకు చాలినన్ని కష్టాలు కిరాణా చిట్టీ రాసినట్టు రాసుకుంటాడు. అనాథ, శత్రువు, నీళ్లంటే భయం. మూడో సెషన్‌కు ఆ చిట్టీ ఎవరికీ గుర్తుండదు.

ఈ గుంపుకు నేను వరస తిప్పి పెట్టాను. ముందు షరతు రాయాలి. ఎవరో నీకు ఒకటి ఇచ్చారు, బదులుగా నువ్వొక మాట ఇచ్చావు. మాట మీద ఉన్నంత కాలమే శక్తి ఉంటుంది. ఆ మాట నీకు గుర్తుచేసే హక్కు ఉన్నవాళ్లు ఎవరెవరో రాసుకుంటూ పోతే సెట్టింగు దానంతట అదే తయారవుతుంది. మ్యాపు తర్వాత చూసుకోవచ్చు.

పానగల్లు రాళ్లు

నమూనా కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. నల్గొండను ఆనుకునే పానగల్లు ఉంది. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, దాని దగ్గర మ్యూజియం, కొంచెం అవతల ఛాయా సోమేశ్వరాలయం, పక్కన ఉదయసముద్రం చెరువు. ఇప్పుడా చెరువుకు కృష్ణా నీళ్లు ఎత్తిపోతల మీద వస్తాయి గానీ, చెరువు మాత్రం చోడుల కాలం నాటిది. అందరినీ అక్కడికి తీసుకుపోయి శాసనాలు ఎట్లా నడుస్తాయో చూపించాను.

దానశాసనానికి ఒక పద్ధతి ఉంటుంది. ఫలానా రాజు కాలంలో, శక సంవత్సరం ఇంత, ఫలానా వారు ఫలానా వారికి ఇది ఇచ్చారు. భూమి అయితే దాని ఎల్లలు. ఎంతకాలమంటే సూర్యచంద్రులున్నంత కాలం. చివర, దీన్ని చెడగొట్టినవాడు కాశీలో కపిల గోవుల్ని చంపిన పాపాన పోతాడని ఒక శాపం. చాలా రాళ్ల నెత్తిన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటారు. చదువు రానివాడికి కూడా ఇది జోలికి పోకూడని రాయి అని తెలియాలి కదా.

ప్లేయరు తన పాత్ర వివరాలు రాసుకునే మా క్యారెక్టర్ షీటు అచ్చంగా అదే నమూనా. శక్తి ఏమిటి, ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఎంత మేర పనిచేస్తుంది, మాట గుర్తుచేసే సాక్షి ఎవరు. అంతే. బలం ఇంత, తెలివి ఇంత అనే అంకెలు లేవు.

రెండు కాలాల తగువును కూడా శాసనమే తీర్చింది. ఒక వాగు మీద వరసగా ఏడు గొలుసుకట్టు చెరువులు, అన్నిటికన్నా పెద్దది గుండసముద్రం. ఇదంతా మా కల్పన. ఒక సెషన్ పాతకాలంలో ఆడతాం. చెరువు కట్టేవాళ్లు, తూము కాచే నీరటి, రాయి చెక్కేవాడు, అప్పుడప్పుడు రాజుగారి మనిషి. సెషన్ చివర అందరూ కలిసి ఒక శాసనం రాస్తారు. తర్వాతి సెషన్ ఈ కాలంలో. అదే కట్ట, అదే రాయి, పైన తారు రోడ్డు, సెల్ టవర్. పాత సెషన్‌లో రాసిన మాటే కొత్త సెషన్‌లో రూలు. ఫాంటసీ కావాలన్నవాళ్లు సూపర్‌హీరోల తలరాత రాస్తున్నారన్నమాట. సూపర్‌హీరోలు కావాలన్నవాళ్లకు అది మొదట్లో మింగుడు పడలేదు, తర్వాత వాళ్లే పాతకాలం సెషన్లు ఇంకోటి పెట్టమని అడిగారు.

శాసనం పోస్టుకార్డుకు ఒకవైపు పట్టాలి. రాయి అంతే ఉంది. వాళ్ల మొదటి శాసనం ఇది, ఎడిటింగ్ లేకుండా:

"స్వస్తి. గుండసముద్రము మేలితూము కాచు మల్లయకును, వాని పని పట్టినవారికిని కట్ట కింద మూడు మర్తురుల మడి ఇస్తిమి. చివరి మడి తడిసిన పిదపనే తన మడికి నీరు పెట్టుకొనునది. ఎల్లలు తూర్పున అలుగు, పడమట చింతమాను, తక్కిన దిక్కుల నీటి చప్పుడు వినబడినంత మేర. ఇది ఆచంద్రార్కము. దీని చెరచినవారు తమ చెరువు గట్టుననే దప్పిగొని తిరుగుదురు."

నీటి చప్పుడు వినబడినంత మేర అన్నది బస్ కండక్టర్‌గా చేసే అక్క ఇచ్చిన మాట. ఎల్ల అంటే గీత గీయాలనుకుంటున్న తమ్ముళ్లకు ఆమె చెప్పింది ఒకటే: "వానాకాలం ఎల్ల పెద్దగైతది, ఎండాకాలం చిన్నగైతది, మంచిగుంటది గదా." నేను ఎన్ని పేజీలు రాసినా ఇంత పనికొచ్చే రూలు ఒకటి రాకపోవచ్చు. ఆ ఒక్క ముక్కతో మా క్యాంపెయిన్‌కు, అంటే సెషన్ల తరబడి సాగే కథకు, రుతువులు వచ్చేశాయి. ఎండాకాలంలో శత్రువు ఎప్పుడు దిగుతాడో అందరికీ ముందే తెలుసు.

కార్డు నిండిపోయింది, సాక్షుల పేర్లకు చోటు మిగల్లేదు. రాయి చెక్కేవాడి పాత్ర వేసిన తమ్ముడు అక్షరాలు కుదించి ఇరికించవచ్చు, లేదా శాపాన్ని పొట్టి చేయవచ్చు. "సాక్షులెందుకన్నా, అందరికీ ఎరకే గదా" అని వదిలేశాడు. నేను ఏమీ అనలేదు. ఈ కాలపు కథలో విలన్ పుట్టింది ఆ ఖాళీలోనే. ఆ సాక్షి వారసుణ్ణి నేనేనంటూ ఒక మనిషి వస్తాడు, కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

చింతగింజలు

అయిదో ఎడిషన్‌లో పని అవుతుందో లేదో తేల్చే ఇరవై ముఖాల డైస్‌లో ప్రతి అంకెకూ 5 శాతమే. ఎంత నేర్పరి అయినా ఒక్క దెబ్బకు కిందపడతాడు, ఎంత చేతకానివాడైనా ఒక్క దెబ్బకు గెలుస్తాడు. ఫాంటసీ పోరాటాలకు ఆ ఊపు బాగుంటుంది. మాకు కావాల్సింది వేరు. మనిషి దాదాపు చేయగలిగిన చోట ఆగిపోయి, మాట ఒప్పుకుంటే దాటే పరిస్థితి తరచూ రావాలి.

అందుకని నాలుగు చింతగింజలు తీసుకున్నాం. అష్టాచెమ్మాకు చేసినట్టే, బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసినవి. గవ్వలు కూడా చూశాం గానీ, గవ్వ ఎటు పడేది దాని వీపు బొడిపెను బట్టి మారుతుంది, ఒక్కో గవ్వది ఒక్కో తీరు. బాగా అరగదీసిన గింజ కాస్త నమ్మకస్తురాలు. నాలుగూ వేసి తెలుపులు లెక్కపెడతాం. మొత్తం 16 రకాలుగా పడొచ్చు. మామూలు పనికి రెండు తెలుపులు చాలు, అంటే 16లో 11 వంతులు. కష్టమైన పనికి మూడు, అది 16లో 5. అసాధ్యమనిపించేదానికి నాలుగూ తెల్లగా పడాలి, 16లో ఒకటే.

ఇక కీలకం ఇది. గింజలు పడ్డాక కూడా ప్లేయరు తన షరతును ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే ఒక తెలుపు కలుస్తుంది. కష్టమైన పనికి 31 శాతం ఉన్న అవకాశం 69కి ఎక్కుతుంది. బదులుగా సాక్షి వచ్చి అడిగినప్పుడు ఆ పిలుపును కాదనడానికి లేదు. ఎప్పుడు అడగాలో ఆ ప్లేయరు నిర్ణయించడు, పక్కన కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తారు.

అన్నీ నల్లగా పడితే? ఏ పుస్తకం చూసినా ఘోర పరాజయం అంటుంది. కానీ ఈ గుంపులో అందరూ నానమ్మల దగ్గర అష్టాచెమ్మా ఆడి పెరిగినవాళ్లు. అక్కడ నాలుగూ బోర్ల పడితే అష్టా, ఎనిమిది, ఇంట్లో కేకలు. ఆ చేతుల మధ్య నాలుగు నల్లటి గింజల్ని ఓటమి అంటే ఒళ్లు ఒప్పుకోదు. అందుకే మా ఆటలో నలుపు నాలుగూ పడితే పని అయిందా కాలేదా అన్నది పక్కకు పోతుంది. సాక్షి ఆ క్షణానే అక్కడికి వస్తాడు. ఎట్లా వచ్చాడో టేబుల్ చెప్పుకోవాలి.

పుట్టుకతో ఏదీ రాదు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో పుట్టింది. ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటి జాతిని బట్టి బలమో చురుకుదనమో అదనంగా రావడం దానిలో చాలాకాలం మామూలు సంగతి. 2024లో వచ్చిన కొత్త రూల్సులో జాతి అన్న మాట తీసేసి, ఆ అంకెల్ని క్యారెక్టర్ పెరిగిన నేపథ్యానికి కలిపారు. అక్కడి వాదనలు అక్కడివి. మన దగ్గర ఆ పాత రూలును తెచ్చి చెరువు కట్ట మీద పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రాయి కొట్టే చేతులకు పుట్టుకతోనే ప్లస్ రెండు, అక్షరం చెక్కే చేతులకు ప్లస్ రెండు. ఆటలోకి కులం చెప్పులు విడవకుండా నడిచొస్తుంది.

పాతకాలం పనులన్నీ కులాలకు అంటుకుని ఉన్నవే. వాటిని తుడిచేసి అందరూ సమానంగా ఉన్న అందమైన రాజ్యం చూపించడం నాకు ఇష్టం లేదు, అది అబద్ధమవుతుంది. అట్లాగని రూల్సు దానికి వంత పాడకూడదు. దారి చూపింది శాసనంలో వాళ్లే రాసుకున్న మాట. మల్లయకు, వాని కొడుకులకు అని రాయలేదు. వాని పని పట్టినవారికి అని రాశారు. అప్పటి నుంచి మా ఆటలో శక్తి రక్తం వెంట పోదు. షరతు ఎవరు మోస్తే శక్తి వాళ్లది. కథలో రాజుగారి మనిషి వచ్చి "నీ పుట్టుక ఏమిటి, నీ పని ఏమిటి" అని అడుగుతాడు, అవమానిస్తాడు, అది ఉంటుంది. షీటు మాత్రం అతని మాట వినదు.

దేవతల విషయంలో చర్చ చిన్నగానే తేలిపోయింది. కట్ట మీద కట్టమైసమ్మ ఉంటుంది, పీర్ల కొట్టం ఉంటుంది, దూరంగా గుట్ట మీద దర్గా ఉంటుంది. వాళ్లెవరికీ హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకు తరిగే ప్రాణం అంకెలు, పెట్టం. ఎవరూ మైసమ్మతో కొట్లాడరు, మైసమ్మను పిలిచి ఎవరినీ కొట్టించరు.

ఎముకల సంగతి

ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది ఒక క్యారెక్టర్ గురించి. బీటెక్ తమ్ముడు ఉత్సాహంగా అన్నాడు: "అన్నా, నల్గొండ సూపర్‌హీరో అంటే ఫ్లోరైడ్ ఉండాలె. నీళ్లు తాగీ తాగీ ఎముకలు రాయి లెక్క అయితయ్. బుల్లెట్ దిగది."

లెక్క ప్రకారం చూస్తే తప్పేమీ లేదు. ప్రమాదమో విషమో ఒంట్లోకి పోయి శక్తిగా మారడం ఈ రకం కథల్లో అందరికీ అలవాటైన దారి. కానీ టేబుల్‌కు అటువైపు ఆస్పత్రి ల్యాబులో పనిచేసే చెల్లె ఉంది. మర్రిగూడ వైపు మనిషి. కాసేపు ఆగి అంది: "మా పెద్దమ్మ నడుం ఒంగి నేల చూసుకుంట నడుస్తది. మెడ తిప్పాలంటే మొత్తం మనిషి తిరగాలె. గది పవర్ ఎట్లయితదన్నా?"

మా టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తు కార్డు ఉంటుంది. ఎవరైనా ముట్టుకుంటే కారణం అడగకుండా ఆ సీను ఆపేస్తాం. ఆమె దాన్ని ముట్టుకోలేదు, మాట్లాడింది. తీసేద్దామా అని అడిగితే వద్దంది. "ఉండాలె. లేదంటే ఇది మా ఊరెట్లయితది? ఎవ్వలి పవర్ మాత్రం కావొద్దు."

నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ హద్దును ఎన్నో రెట్లు దాటిన బోరునీళ్లు తాగి పెరిగిన తరాలున్నాయి ఈ జిల్లాలో. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చినా, ఒకసారి బిగుసుకున్న ఎముక తిరిగి మెత్తబడదు. అంటే సెట్టింగులో నీళ్లు మారాయి, మనుషులు అట్లాగే ఉన్నారు. సూపర్‌హీరో వచ్చి ఒక్క గుద్దుతో తేల్చే సంగతి కాదది. అట్లా తేల్చేస్తే ఆ పెద్దమ్మ ముందు కూర్చుని ఆడలేం.

ఆ చెల్లెనే క్యారెక్టర్ రాయమన్నాను. షీటు ఇట్లా వచ్చింది. శక్తి: నీళ్లు నాలుక మీద వేసుకుంటే అందులో ఏముందో, అవి ఎక్కడి నుంచి వచ్చాయో, దారిలో ఎవరు ముట్టుకున్నారో తెలుస్తుంది. ఇచ్చింది: ఊరి చేదబావి. షరతు: ఎవరు నీళ్లు తెచ్చి రుచి చూడమన్నా కాదనకూడదు, ఉమ్మేయకూడదు. మింగాలి. సాక్షి: పెద్దమ్మ.

మొదట నేను శక్తి వైపే చూశాను, మంచి పరిశోధకురాలి క్యారెక్టర్ అనుకున్నాను. ఆడుతుంటే అర్థమైంది, బరువంతా మింగాలి అన్న ఒక్క మాట మీదే ఉంది. ఊళ్లో నేరం జరిగిన ప్రతిసారీ ఎవరో ఒక గ్లాసు తెచ్చి ఆమె ముందు పెడతారు. ఆమెకు శత్రువులు పెద్దగా లేరు, ఆమెను అక్కరకు వాడుకునే మంచివాళ్లు ఉన్నారు. అంతకన్నా మంచి చిక్కు నేను ఇవ్వలేను.

ఆమె దగ్గర ఇంకొకటి ఉంటుంది, అడుగున కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేటపడనిచ్చి, వడగట్టే పద్ధతి. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. టాంజానియా, ఇథియోపియాల దాకా పోయింది. మిగతా సూపర్‌హీరోలకు బెల్టులో పరికరాలుంటాయి, మా అమ్మాయికి బకెట్ ఉంది. ఒక సెషన్‌లో విలన్ చెరువులో కలిపించిన మందును ఆ బకెట్‌తో తేల్చాలని చూసింది. పటిక దానికి పనిచేయదని ల్యాబ్ టెక్నీషియన్‌గా తనే చెప్పి, తన క్యారెక్టర్‌ను తనే ఓడించుకుంది. అట్లాంటి ప్లేయర్లు దొరకడం గేమ్ మాస్టర్ అదృష్టం.

నీడ, రుమాలు, బలం

మిగతావి త్వరగా చెబుతాను. బీటెక్ తమ్ముడు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ గర్భగుడిలో పడే నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు. ఎండ నేరుగా లోపలికి రాదు, చెదిరిన వెలుతురు స్తంభాల మధ్య నుంచి వస్తుంది కాబట్టి సూర్యుడు తిరిగినా నీడ చోటు మారదు. అతని హీరో తన నీడను ఎక్కడైనా వదిలి పోగలడు. నీడను చూసినవాళ్లు మనిషి అక్కడే ఉన్నాడనుకుంటారు. షరతు, పొద్దుగూకేలోగా వచ్చి నీడను తీసుకోవాలి. సాక్షి మేనమామ, ఎందుకంటే వాడు చిన్నప్పటి నుంచి ఎక్కడ దాక్కుంటాడో ఆయనకే తెలుసు. నోటుబుక్కు నిండా రాజవంశాలు రాసిన పిల్లవాడు ఈ మేనమామ గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టమైంది.

కండక్టర్ అక్కది పుట్టపాక. వాళ్లింట్లో మగ్గం ఉంది. ఆమె హీరోకు ముఖానికి తేలియా రుమాలే ముసుగు. నూనె పట్టించిన నూలు, ఎరుపు, నలుపు, తెలుపు. పడుగుకూ పేకకూ విడివిడిగా చిటికి కట్టి రంగులద్దుతారు, రెండూ మగ్గం మీద కలిసినప్పుడే బొమ్మ తేలుతుంది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బట్ట ఇది. ఆమె శక్తి కూడా అంతే. ఇద్దరు మనుషులు దాచిన రెండు సగం నిజాలు ఆమె ముందు కలిస్తే పూర్తి బొమ్మ కనిపిస్తుంది. ఒక్కరితో పనికాదు. బస్సులో డ్యూటీ చేస్తూనే కేసులు తేలుస్తుంది.

నాలుగో ప్లేయరు తేల్చి చెప్పాడు: "నాకు బలం కావాలన్నా. గంతే." ఇచ్చాను. షరతు, ఎవరైనా అడిగితేనే ఎత్తాలి. విలన్ తెలివైనవాడు, ఎవరూ సాయమని అరవకుండా చూసుకుంటాడు.

పేర్ల గురించి ఒక మాట. కెప్టెన్ ఇది, డాక్టర్ అది అన్న పేర్లు మా టేబుల్ మీద నిలవలేదు. ఊళ్లో మనిషికి పేరు తను పెట్టుకోడు, ఎదుటివాళ్లు పెడతారు. అందుకే మా రూలు: హీరో పేరు మిగతా నలుగురు పెట్టాలి, అది ఎంత వద్దన్నా అంటుకోవాలి. బలం కావాలన్న తమ్ముడి పేరు జేసీబీ. రెండు వారాలు అలిగాడు.

పాలమూరు పిల్లవాడు

అయిదోవాడు నారాయణపేట వైపు నుంచి నల్గొండకు చదువుకోవడానికి వచ్చాడు. వాళ్ల నాన్న ఏడాదిలో ఎక్కువ భాగం పుణె వైపు కట్టడాల మీద ఉండేవాడట. పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు దేశంలో ఏ మూల ఉందో చూడాలంటారు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఆ డబ్బు తీరేదాకా సైటు మీద ఉండాలి. ఇంత గట్టి షరతు ఏ ఫాంటసీ రచయితా ఊహించి ఉండడు.

షీటు మీద శక్తి: తన గుంపు చేతులు పడిన గోడ, కట్ట, డ్యామ్ ఏదైనా తన మాట వింటుంది. ఇచ్చింది: గుంపు. షరతు: తను కట్టిన కప్పు కింద నిద్రపోకూడదు, పిలుపు వస్తే పోవాలి. పిలిచే హక్కు మేస్త్రీది. సాక్షిగా మనిషి వద్దన్నాడు, పిల్లలమర్రిని పెట్టాడు. మహబూబ్‌నగర్ దగ్గర దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న ఏడు వందల ఏళ్ల మర్రి అది. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, ఆస్పత్రిలో సెలైన్ పెట్టినట్టు బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. సాక్షి ఆరోగ్యం బాగాలేకపోతే షరతు ఏమవుతుందన్న ప్రశ్న మా రూల్సులోకి వచ్చింది ఆ చెట్టు వల్లే.

ఇప్పుడు ఒక రాత్రి సీను. వానాకాలం, ఎల్ల బాగా పెరిగి ఉంది. సాక్షి వారసుణ్ణనే విలన్ అలుగు మీద ఇసుక బస్తాలు వేయించి నీరు పోనివ్వలేదు. గుండసముద్రం నిండి కట్ట మీద నుంచి సన్నగా పొర్లుతోంది. గండి పడితే కింద ఆరు చెరువులూ వరసగా తెగుతాయి. జేసీబీ బస్తాలు ఎత్తాలంటే ఎవరో అడగాలి, నీడ తమ్ముడు పరుగున పోయి కాపలావాణ్ణి నిద్రలేపి అరిపించాడు. బస్తాలు తీసేదాకా కట్టను పట్టి నిలిపేది పాలమూరు పిల్లవాడు ఒక్కడే. మూడు తెలుపులు కావాలి. గింజలు వేశాడు. రెండే పడ్డాయి.

షరతు ఒప్పుకుంటే మూడవుతాయి. ఒప్పుకున్నాడు. కట్ట నిలిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. పిలుపు ఎప్పుడు రావాలని నేను టేబుల్‌ను అడిగాను. ల్యాబు చెల్లె నెమ్మదిగా అంది: "గిప్పుడే. తెల్లారంగనే మేస్త్రీ వస్తడు. వీళ్ల నాన్నలను గట్లనే తీస్కపోతరు, పండుగ అయిన తెల్లారి."

తర్వాతి సెషన్‌లో అతను నల్గొండలో లేడు. పుణె శివారులో పద్నాలుగో అంతస్తు మీద సెంట్రింగు కొడుతున్నాడు. అతని శక్తి అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఇక్కడ విలన్ తిరుగుతున్నాడు. మిగతా నలుగురికీ ఇప్పుడు ఒకటే పని, అడ్వాన్సు డబ్బు తీర్చి వాణ్ణి వెనక్కి తేవడం. కండక్టర్ అక్క మేస్త్రీ దగ్గర సగం నిజం, కాంట్రాక్టరు దగ్గర సగం నిజం పట్టుకుని లెక్కల మోసం తేల్చింది. నేను పుణె మ్యాపు గీయలేదు, సైటు పేరు కూడా ఆలోచించలేదు. వాళ్లు అక్కడికి పోవాల్సి వచ్చింది కాబట్టి లోకం అంత దూరం పెరిగింది. సిమెంటు గోదాము వాచ్‌మన్‌తో సహా ఆ సెషన్‌లో పుట్టిన మనుషులందరూ ఇప్పటికీ ఆటలో ఉన్నారు.

ఇప్పటి పరిస్థితి

టేబుల్ ఇప్పుడు కండక్టర్ అక్క చేతిలో ఉంది. గేమ్ మాస్టర్‌గా ఆమె నా కన్నా నెమ్మది, మనుషుల్ని గుర్తుపెట్టుకోవడంలో నా కన్నా దిట్ట. ఒక రూలు మార్చింది. పిలుపును టేబుల్ మొత్తం కాకుండా, ఆ ప్లేయరుకు ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కరే నిర్ణయించాలి. అందరూ కలిసి నిర్ణయిస్తే జాలి ఎక్కువై పిలుపులు మెత్తబడుతున్నాయంది. నిజమే, ఆ మార్పు తర్వాత ఆట బిగిసింది.

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. గళ్ల మ్యాపు మీద బొమ్మలు పెట్టి, అడుగులు లెక్కేసి యుద్ధం చేయడమే సరదాగా ఉన్న గుంపులకు ఇది నడవదు, వాళ్లకు అయిదో ఎడిషనే హాయి. కొత్తగా కలిసినవాళ్ల మధ్య కూడా జాగ్రత్త కావాలి. షరతులు రాస్తుంటే ఇంటి సంగతులు బయటికి వస్తాయి, ఎవరి ముందు ఎంత చెప్పాలో ఇంకా తెలియని చోట అది ఇబ్బంది. ఒక్క పూటలో ముగించే ఆటకైతే నేను శాసనాలు ముందే రాసి పంచుతాను. శక్తి, ఎల్ల, షరతు అన్నీ నింపేసి ఉంటాయి. సాక్షి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదులుతాను. దాన్ని నింపిన తర్వాతే గింజలు చేతికిస్తాను.